వెనకవైపు మాట

ఆగస్టు ఒకటో తారీకున పొద్దున్నే పరగడుపున మూడు గుటకలు తాగాలి. చెరుకు సారాలో నిమ్మరసం పిండి, సదాపాకు నలిపి వేస్తే అయ్యే మందు అది. ఆగస్టు నెల బక్క ఆవుల్నీ ముసలివాళ్ళనీ పట్టుకుపోతుందని మా పరాగ్వేలో అందరికీ భయం. ఆ మూడు గుటకలూ గొంతు దిగితే ఇక మన జోలికి రాదట. ఆ ఏడు అమ్మా, నాన్నా, చెల్లెలు మిర్తా, నేనూ వాకిట్లో నిలబడి రెండో గుటక మింగుతున్నాం. అప్పుడే చంకలో గుడ్డల మూటతో దెయోలింద టీచరమ్మ లోపలికి వచ్చింది. మా ఊరి బడికి ఆవిడే పెద్ద.

"మంచి వేళకే వచ్చానే! నాకూ పొయ్యి, సతుర్నినా. ఈ నెల గట్టెక్కాలి కదా!" అంది అమ్మతో.

అమ్మ గుడ్డతో తుడిచి మరీ ఆవిడకి కుర్చీ వేసి, మందు గ్లాసు అందించింది. టీచరమ్మ మూట విప్పింది. ఎరుపు, తెలుపు, నీలం పట్టు తానులు. పొద్దుటెండ పడి మెరిశాయి. అమ్మ చేతులు లంగాకి రుద్దుకుని, వేలి కొసతో మాత్రమే తాకింది.

"బడి పెట్టి యాభై ఏళ్ళు నిండాయి. పధ్నాలుగున జెండా పండక్కి కొత్త జెండా కావాలి. అచ్చు గుద్దింది కాదు, మీ తల్లీకూతుళ్ళ చేత్తో కుట్టింది. గుడ్డ ఎమెతెరియోగారు ఇచ్చారు."

ఎమెతెరియో పేరు వినగానే నాన్న నిటారుగా నిలబడ్డాడు. మా చుట్టుపక్కల పండే చెరుకంతా ఆయన కాటా మీదే తూగాలి. నాన్న ఎడ్లబండి కాటా ఎక్కాలన్నా దిగాలన్నా ఆయన తల ఊపాలి.

మిర్తా మాత్రం పట్టు వంకే చూస్తోంది. పదిహేనేళ్ళు దానికి. తొమ్మిదో తరగతిలో మొదటి స్థానం దానిది. మొదటి స్థానం ఎవరిదైతే జెండా వాళ్ళది. మా దేశంలో ఏ బడిలోనైనా అంతే. మే నెల ఊరేగింపులో పాత జెండా అదే మోసింది.

"టీచరమ్మా, పట్టుదైతే బరువెక్కువా? మేలో ఆ పాతదే గాలికి నన్ను ఈడ్చేసింది. ఇప్పట్నుంచే చేతులు గట్టి చేసుకుంటా."

టీచరమ్మ గ్లాసు ఎత్తి, ఉన్నదంతా ఒక్క గుక్కలో తాగేసి, పెదవులు తుడుచుకుంది.

"ఈసారి జిసెల్ పట్టుకుంటుందమ్మా. నువ్వు పక్కన నడుద్దువుగాని. కుడివైపు. అదీ గౌరవమే."

జిసెల్ ఎమెతెరియో కూతురు.

"జిసెల్‌ది మూడో స్థానం కదా," అంది మిర్తా. పోట్లాటగా అనలేదు, లెక్క తప్పితే సరిచేసినట్టు అంది.

"మార్కులొక్కటే చూస్తే ఎలా? ఎత్తు కూడా చూడాలి. నువ్వు కాస్త పొట్టి. అంత ఖరీదైన జెండా నేలకి తగిలితే?"

"మేలో తగల్లేదే!"

"మిర్తా!" అంది అమ్మ.

"మే నుంచి ఇప్పటికి ఇంకా పొట్టయ్యానా అమ్మా? ఉతికితే ముడుచుకుపోడానికి నేనేమైనా గుడ్డనా?"

నాన్నకి నవ్వొచ్చింది. అది నవ్వుగా బయటికి రాకముందే దగ్గుగా మార్చేసుకున్నాడు. అమ్మ తల వంచుకుని తానులు మడతపెట్టింది. "మీ ఇష్టం టీచరమ్మగారూ. పెద్దవాళ్ళు, మీకు తెలియందేముంది!"

నాకు మూడో గుటక దిగలేదు. అరటి మొక్క మొదట్లో ఉమ్మేశాను.

*

ఆ జెండాకి రెండు ముఖాలు. ముందువైపు పసుపు నక్షత్రం, దాని చుట్టూ రెండు ఆకుల కొమ్మలు. వెనకవైపు ఎర్ర టోపీ తగిలించిన గుంజ, దాని ముందు కాపలాగా సింహం, సింహం తలపైన అక్షరాలు. ఒకదాని కుట్టు ఇంకోదానికి కనపడకూడదు. అందుకని రెండు గుండ్రటి బిళ్ళల మీద విడివిడిగా కుట్టి, ఆఖర్న వీపుకి వీపు ఆనించి అతకాలి. నక్షత్రం అమ్మ తీసుకుంది. సింహం నాకొచ్చింది.

"ఇది సింహమా, పక్కింటి పొర్ఫిరియో తాత కుక్కా?" అన్నాడు నాన్న, ఒకనాటి సాయంత్రం ఫ్రేము మీదికి వంగి.

"నువ్వెప్పుడన్నా సింహాన్ని చూశావా?" అంది అమ్మ.

"లేదు."

"మరి నోరు మూసుకో. నీ పెద్దకూతురూ చూళ్ళేదు, నేనూ చూళ్ళేదు. మనం కుట్టిందే సింహం."

ఇంట్లో ఇలా నవ్వుకునేవాళ్ళం. మిర్తా బడినుంచి వచ్చేదాకా.

వచ్చాక అది సంచీ మేకుకి తగిలించి నేరుగా పొయ్యి దగ్గరికి పోయేది. రెండో వారంలో ఓ రోజు అలా పోలేదు. నా ఫ్రేము పక్కన కూలబడింది.

"ఇవాళ నాకో కొత్త పని చెప్పారక్కా."

"ఏంటే?"

"జిసెల్‌కి జెండా పట్టడం నేర్పాలట. నేను! కర్ర మొదలు ఎక్కడ ఆనించాలి, మలుపులో ఏ కాలు ముందెయ్యాలి, దేశగీతం వస్తే ఎంత వంచాలి, అంతా. 'నీకు బాగా తెలుసుగా మిర్తా' అంది టీచరమ్మ."

"నువ్వేమన్నావు?"

"నేర్పాను." అరచేతులు చూసుకుంది. "మూడుసార్లు నేర్పాను. ఆ పిల్లకి ఏ వైపు ముందో ఏ వైపు వెనకో కూడా తెలీదక్కా."

సూది గుడ్డకి గుచ్చి లేచాను. అరుగు మీద పలుపు పేనుకుంటున్న నాన్న దగ్గరికి వెళ్ళాను. నేను ఎక్కువగా మాట్లాడే మనిషిని కాను. నాన్న ఆశ్చర్యంగా తలెత్తాడు.

"నువ్వొక్క మాట అడగొచ్చు కదా నాన్నా!"

"ఎవర్ని? ఎమెతెరియోనా?" పలుపు మీంచి చెయ్యి తియ్యలేదు. "అడుగుతా. అడిగితే రేపు నా బండి అందరి బండ్ల వెనక నిలబడుతుంది. ఎల్లుండి కూడా అక్కడే ఉంటుంది. నరికిన చెరుకు ఎండలో ఎన్ని రోజులు ఉంటుందే? అదేమైనా రాయా?"

"అడక్కపోతే?"

"అడక్కపోతే తింటాం."

ఆ జవాబు నిజమే. దాంతో కోపం ఇంకా పెరిగింది.

రెండు రోజులకి జిసెల్ మా ఇంటికే వచ్చింది. జెండా కర్ర ఆనించుకునే తోలు పట్టీకి గుడ్డ చుట్టాలని, కొలతకి పంపారు. ఆమె చేతులెత్తి నిలబడితే నేను నడుం చుట్టూ టేపు వేశాను. సన్నగా, పొడుగ్గా, చీపురు పుల్లలా ఉంటుంది.

"మిర్తా లేదా అక్కా?"

"లేదు," అన్నాను. వెనకగది తెర కింద మిర్తా పాదాలు రెండూ కనిపిస్తూనే ఉన్నాయి. జిసెల్ వాటిని చూసింది. చూసి, గొంతు కాస్త పెంచింది.

"నాకొద్దని నాన్నకి చెప్పానక్కా. రెండుసార్లు చెప్పాను. వినలా. ఫోటో తీయించి కాటా గదిలో గోడకి పెడతాడట, వచ్చేపోయే వాళ్ళందరికీ కనపడేట్టు."

తెర కింద పాదాలు కదల్లేదు.

ఆ పిల్ల పొగరుగా మాట్లాడితే బావుండును. తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికేది. ఆమె వెళ్ళిపోయాక కోపం ఎక్కడ దించాలో తెలియక అలాగే కూర్చున్నాను.

మర్నాడు అక్షరాలు మొదలుపెట్టాను. సింహం తలపైన ఉండేవి రెండే మాటలు. శాంతి, న్యాయం. పెన్సిలుతో గీసుకుని 'శాంతి' కుట్టాను. రెంటి మధ్యా 'ఇంకా' ఉంటుంది, మా బడి భాషలో దానికి ఒకే ఒక్క అక్షరం. అదీ కుట్టాను. 'న్యాయం' దగ్గరికొచ్చేసరికి సూది ఆగిపోయింది. చాలాసేపు ఆ పెన్సిలు గీతల వంకే చూశాను. తర్వాత రొట్టె మెత్తన తుంచి, ఉండ చేసి, ఆ గీతల్ని నెమ్మదిగా రుద్ది చెరిపేశాను. గుడ్డ తెల్లగా మిగిలింది. ఫ్రేము మీద ముసుగు కప్పి కర్రపెండలం తవ్వడానికి పోయాను.

రేపు కుడతానులే అని నాకు నేను చెప్పుకున్నాను. నిజంగానే కుడదామనుకున్నాను. ఒక్క రోజు ఆ మాట లేకుండా ఉండనిద్దాం, అంతే.

పన్నెండో తారీకున వాగు దగ్గర బట్టలుతికి వచ్చేసరికి నా ఫ్రేము ఖాళీగా గోడకి ఆనించి ఉంది. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఒళ్ళో జెండా. రెండు బిళ్ళల్నీ వీపుకి వీపు చేర్చి, అంచు చుట్టూ కనపడని కుట్టు వేసేసింది. ఆ కుట్టు పడిందంటే ఇక అంతే. ఏ వైపునుంచి సూది గుచ్చినా రెండో వైపు పొడుచుకొస్తుంది. మళ్ళీ విప్పితే పట్టు చిరుగుతుంది.

బట్టల తట్ట దించాను.

"అమ్మా, వెనకవైపు చూశావా?"

"చూడకుండా ఎలా కుడతానే?" దారం పళ్ళతో కొరికి తెంపింది. "కర్రపెండలం ఉడికిందేమో చూడు. మాడు వాసనొస్తోంది."

*

పదమూడున మధ్యాహ్నం టీచరమ్మ వచ్చింది. ముందువైపు చూసి మురిసిపోయింది. నక్షత్రం మీద చెయ్యి ఆడించింది. "బంగారం నీ చెయ్యి, సతుర్నినా," అంది. తర్వాత తిప్పింది.

సింహం తలపైన తెల్లగా ఉన్నచోట వేలు పెట్టింది.

"ఇక్కడో మాట లేదు."

"లేదండి," అంది అమ్మ.

"మర్చిపోయారా?"

"లేదండి."

"మరి?"

"దారం అయిపోయింది."

దారపు ఉండ బుట్టలో ఎదురుగానే ఉంది, నిండుగా, కోడిగుడ్డంత. టీచరమ్మ దాన్ని చూసింది. అమ్మా చూసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టీచరమ్మ బడి భాష వదిలేసి మా ఇంటి భాషలోకి దిగింది.

"నేనేం చెయ్యనే తల్లీ? బడి కప్పు మీద ప్రతి రేకూ ఆయనిచ్చిందే. రేపు వానొస్తే పిల్లల్ని ఎక్కడ కూచోబెట్టను? నాకు మాత్రం సిగ్గులేదనుకున్నావా?"

అమ్మ ఒళ్ళో పడ్డ దారప్పోగులు ఏరుకుంది.

"ఇది ఆయన కంటబడితే మీ ఆయన బండి సంగతి ఏమవుతుందో తెలుసా?"

"తెలుసండి," అంది అమ్మ. లేచి వేడినీళ్ళ కెటిలు తెచ్చి, మాతే అనే టీ ఆకు వేసిన గ్లాసులో పోసి, ఆవిడ చేతికిచ్చింది. "తాగి వెళ్ళండి. ఎండగా ఉంది."

నాకు ఊహ తెలిసినప్పటినుంచీ మా ఇంటికి ఎవరొచ్చినా అమ్మ 'మీ ఇష్టం' అనడమే విన్నాను. ఆ రోజు అమ్మ ఆ మాట అనలేదు. టీచరమ్మ సగం తాగి, జెండాని ముందువైపు పైకి వచ్చేట్టు మడిచి, పట్టుకుపోయింది. ఒక్కరోజులో ఇంకో జెండా కుట్టే చెయ్యి ఈ చుట్టుపక్కల లేదు.

*

పధ్నాలుగున పొద్దున్నుంచీ ఉత్తరపు గాలి. బడి ముందున్న లపాచో చెట్లు ఆకు లేకుండా పూసి ఉన్నాయి. వాటి గులాబీ రంగు పూలు రాలి దారంతా పరుచుకున్నాయి. టీచరమ్మ జిసెల్ చెవిలో ఏదో చెప్తోంది. కర్రతో పాటు జెండా కుచ్చిళ్ళు కూడా గుప్పిట్లో పట్టుకోమని అయ్యుండాలి. ఆ పిల్ల అలాగే పట్టుకుంది. కుడిపక్కన మిర్తా, తెల్ల చొక్కా, నున్నగా దువ్విన జడ, కళ్ళు సూటిగా ముందుకి. వెనకవైపు సంగతి దానికి తెలియదు. చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

డప్పులు మొదలయ్యాయి. వేదిక దాకా బాగానే నడిచారు. అక్కడ ఎమెతెరియో కొత్త టోపీతో ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. వేదిక ముందు మలుపు. మలుపులో గాలి అడ్డంగా కొట్టింది. జిసెల్ రెండు చేతులూ కర్రకే సరిపోయాయి. గుప్పిట్లోంచి పట్టు జారింది. జెండా ఫెళ్ళున తెరుచుకుని, జనం వైపు వెనకవైపు పరిచింది.

మొదట చదివింది పొర్ఫిరియో తాత. పెద్దయ్యాక చదువు నేర్చుకున్నాడు, ఏం చదివినా పైకే చదువుతాడు.

"శాంతి... ఇంకా..." ఆగాడు. కళ్ళు చిట్లించాడు. "ఇంకా ఏంట్రా? మిగతాది ఎలకలు తిన్నాయా?"

"వచ్చే ఎలక్షన్లకి ఇస్తారంట తాతా!" అని వెనకనుంచి ఎవరో ఆడమనిషి అరిచింది.

"కాదు కాదు, కాటా దగ్గర తరుగు కింద పోయింది!"

నవ్వు మొదటి వరసలో పుట్టి చివరిదాకా పాకింది. వేదిక మీద ఎమెతెరియో కూడా నవ్వాడు. జనం తన కూతురిని చూసి ముచ్చటపడుతున్నారనుకున్నాడేమో, చప్పట్లు కొట్టాడు. లేచి నిలబడి మరీ కొట్టాడు. అది చూసి జనం ఇంకా నవ్వారు. జిసెల్ మొహం కందిపోయింది. మిర్తా తల తిప్పి జెండా చూసింది. తర్వాత జనంలో నన్ను వెతికి పట్టుకుంది. ఆ చూపులో మెచ్చుకోలు లేదు.

ఇంటికొచ్చాక సంచీ నేలకేసి కొట్టింది.

"నన్నడిగారా? ఊరంతా నవ్వుతుంటే పక్కన నడిచింది నేను! అది నా గొడవ కదా, నన్నొక్కసారన్నా అడిగారా?"

"నీకోసమేనే," అన్నాను.

"నాకోసం కాదు. నీకు కోపమొచ్చింది, నువ్వు కుట్టలేదు. అమ్మకి కోపమొచ్చింది, అలాగే అతికేసింది. మరి నా కోపం ఎక్కడ పెట్టుకోను?"

అమ్మా నేనూ మొహాలు చూసుకున్నాం. అమ్మ వంగి సంచీ తీసి మేకుకి తగిలించింది.

*

మర్నాడు ఎమెతెరియో కారు మా కంచె పక్కన ఆగింది. ఎవరో విడమర్చి చెప్పినట్టున్నారు. కర్రనుంచి ఊడదీసిన జెండాని చంకలో ఇరికించుకుని దిగాడు. జిసెల్ లోపలే కూర్చుంది. నాన్న ఎడ్లకి నీళ్ళు పెడుతున్నాడు. టోపీ తీసి నిలబడ్డాడు.

"నా డబ్బుతో నన్నే నవ్వులపాలు చేస్తార్రా? నా కాటా మీద బతికి, నా తిండి తిని!" జెండా తీసి, అరుగు మీద కూర్చున్న అమ్మ ఒళ్ళోకి విసిరాడు. "మిగతాది కుట్టు. ఇప్పుడే. నేనిక్కడే నిలబడతా."

అమ్మ కదల్లేదు.

"చెవుడా?"

"ఏ మాటండీ?" అన్నాడు నాన్న.

నేను నాన్న వంక చూశాను. ఎడ్ల ముందు తొట్టి పక్కన, చేతిలో టోపీతో, మామూలుగానే నిలబడి ఉన్నాడు. గొంతు కూడా మామూలుగానే ఉంది.

"ఏ మాటేంట్రా? ఉండాల్సిన మాట!"

"అదేనండి. ఏ మాటో మీరు చెప్తే అది కుడుతుంది."

ఎమెతెరియో నోరు తెరిచాడు. జెండా వంక చూశాడు. మళ్ళీ నాన్న వంక చూశాడు. ఆయన చదివిన బడే, ఆయన రోజూ కారుకి తగిలించుకు తిరిగే జెండాయే. అయినా ఆ మాట నోటికి రాలేదు. మెడ మీద నరం ఒకటి ఉబ్బింది.

కారు అద్దం కిందికి దిగింది.

"న్యాయం, నాన్నా," అంది జిసెల్. "దాని మీద న్యాయం అని ఉంటుంది."

ఆయన కూతురి వంక తిరగలేదు. మాలో ఎవరి వంకా చూడలేదు. "రేపట్నుంచి నీ బండి నా కాటా ఛాయలకి రాకూడదు," అని నేలతో చెప్పినట్టు చెప్పి కారెక్కాడు. జెండా అమ్మ ఒళ్ళోనే ఉండిపోయింది.

అన్నంత పనీ చేశాడు. ఆ ఏడు మా చెరుకు సగం పొలంలోనే ఎండిపోయింది. అక్టోబరులో ఎర్రెద్దుని అమ్మేశాం. నాన్న ఒక్కసారి కూడా నన్ను గాని అమ్మని గాని ఒక మాట అనలేదు. అంటే బావుండునని నాకు చాలాసార్లు అనిపించింది.

ఎమెతెరియో వచ్చి వెళ్ళాక మొదటి సోమవారం పొద్దున మిర్తా బడికి తయారైంది. అమ్మ జెండాని మడిచి కాగితంలో చుట్టబోయింది.

"చుట్టకు," అంది మిర్తా. "నేను పట్టుకెళ్తా."

"సంచీలో పెట్టుకుంటే మాయదే."

"సంచీలో కాదు."

పెరట్లోకి పోయి బట్టల తాడుకి ఆసరాగా పెట్టిన వెదురు కర్ర పీకింది. జెండాని దానికి నాలుగు చోట్ల గట్టిగా ముడేసింది. తోలు పట్టీ లేదు, చేతులకి తొడుగులు లేవు. కర్ర మొదలు పొట్టకి ఆనించుకుని గేటు దాటింది. నేను వెనక నడిచాను. రమ్మనలేదు, వద్దనలేదు.

బడికి వెళ్ళే దారి కాటా ముందునుంచే. అప్పటికే చెరుకు బండ్లు వరసకట్టి ఉన్నాయి. మగవాళ్ళు బండ్ల నీడలో కూర్చుని మాతే తాగుతున్నారు. జెండా నడిచి వస్తుంటే టోపీ తియ్యకుండా కూర్చునే మగాడు మా ఊళ్ళో లేడు. చిన్నప్పటినుంచీ ఎముకల్లోకి ఎక్కిన అలవాటు అది. మొదట ఒకడు లేచాడు. తర్వాత అందరూ లేచారు. టోపీలు గుండెల మీదికి వచ్చాయి. ఎవరూ నవ్వలేదు. గాలి వెనకవైపునే వాళ్ళకి చూపిస్తోంది. పొర్ఫిరియో తాత పెదవులు కదిలాయి, ఈసారి మాత్రం పైకి చదవలేదు.

ఎమెతెరియో కాటా గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అందరి తలలూ ఖాళీ అయ్యాక, తన ఒక్కడి టోపీయే మిగిలిందని చూసుకున్నాడు. చెయ్యి పైకి వెళ్ళింది. ఆగింది. చివరికి తీశాడు.

మిర్తా అటు చూడనే లేదు. వెదురు గాలికి వంగుతుంటే రెండు చేతులా బిగించి పట్టుకుని, అడుగు తప్పకుండా బడి వైపు సాగిపోయింది. నేను మాత్రం దారి మధ్యలో ఆగి, ఆయన బట్టతల వంకే చూస్తూ నిలబడ్డాను. ఆయన మళ్ళీ టోపీ పెట్టుకునేదాకా అక్కడినుంచి కదల్లేదు.